నూనె ఒడ్డుకొస్తే.. పార పట్టేది మనమే!

సముద్రంలో చమురు ఒలికిందని టీవీలో చూపిస్తే 'ఎక్కడో ఓడలవాళ్ల గొడవలే' అని చానల్ మార్చేస్తాం. గల్ఫ్‌లో ఉండేవాళ్లకు అది అంత దూరం సంగతేమీ కాదు. క్యాంపులో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు చాలావరకు ఆ సముద్రానివే. ఆ తెట్టు ఒడ్డుకు తగిలిందంటే, దాన్ని ఎత్తడానికి బస్సెక్కించేది కూడా మనలాంటివాళ్లనే.

మేం ఎమిరేట్స్‌లో జెట్టీలు, బ్రేక్‌వాటర్లు కట్టే పనుల్లో ఉన్న సైట్ సూపర్‌వైజర్లం. సివిల్ డిప్లొమా చేతపట్టుకుని కరీంనగర్ నుంచి కొందరం, శ్రీకాకుళం నుంచి కొందరం, కడప నుంచి ఒకరిద్దరం వచ్చాం. మాకు సముద్రశాస్త్రం తెలియదు. కానీ సముద్రం పక్కన పని చేస్తున్నాం, మా చేతి కింద వందలమంది పని చేస్తున్నారు. చమురు ప్రమాదం జరిగితే ఏం చేస్తారు, ముందు నుంచి ఏం సిద్ధం చేసుకోవాలి, అందులో కూలికి వెళ్లినవాడి పరిస్థితి ఏమిటి అన్నది మేం నేర్చుకున్నంతలో ఇక్కడ చెప్తున్నాం.

మనం తాగేది సముద్రాన్నే..

గల్ఫ్ దేశాల్లో మన గోదావరి, కృష్ణల్లాంటి నదులు లేవు. వాన అంతంత మాత్రం. ఒడ్డున పెద్దపెద్ద డీశాలినేషన్ ప్లాంట్లు సముద్రపు నీళ్లు తోడుకుని, ఉప్పు తీసేసి, పైపుల్లో పంపిస్తాయి. సౌదీలో రియాద్ ఊరు సముద్రానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, జుబైల్ ఒడ్డున తయారైన నీళ్లు పైపులైన్లలో అక్కడిదాకా వెళ్తాయి.

ఈ ప్లాంట్లకు చమురంటే భయం. నీళ్లు తోడుకునే మూతి మామూలుగా ఉపరితలానికి కిందనే ఉంటుంది కాబట్టి పైన తేలే తెట్టు నేరుగా లోపలికి రాదు. కానీ అలలు చిలికితే నూనె సన్నని చుక్కలుగా విడిపోయి నీటిలో కలుస్తుంది. పొరల ద్వారా వడకట్టే ప్లాంట్లలో ఆ పొరలు పాడవుతాయి. నీటిని మరిగించే ప్లాంట్లలో అయితే తేలిగ్గా ఆవిరయ్యే నూనె భాగాలు నీటి ఆవిరితోపాటు వచ్చి మంచినీటిలో చేరే ప్రమాదం ఉంది. అందుకే తెట్టు దగ్గరికి వస్తోందంటే ప్లాంటు ఆపేయాల్సిన పరిస్థితి రావచ్చు.

చమురు ఒక్కటే కాదు. 2008 చివర, 2009 మొదట్లో ఎర్రనాచు సముద్రంలో విపరీతంగా పెరిగి ఒడ్డుకు కమ్ముకుంది. ఇక్కడివాళ్లు 'రెడ్ టైడ్' అన్నారు. చేపలు గుట్టలుగా చచ్చాయి. ఎమిరేట్స్‌లో కొన్ని డీశాలినేషన్ ప్లాంట్లను తాత్కాలికంగా మూసేశారు. సముద్రం పాడైతే కుళాయి ఆగిపోవచ్చన్నది ఊహ కాదు, జరిగిన సంగతి.

1991 నేర్పిన పాఠం

గల్ఫ్‌లో చమురు ప్రమాదం అనగానే పాత మేస్త్రీలు 1991 మాటే ఎత్తుతారు. ఆ ఏడాది జనవరిలో యుద్ధం నడుస్తుండగా కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం మినా అల్ అహ్మదీ దగ్గర సముద్రంలో ఉన్న చమురు టెర్మినల్ వాల్వులు తెరిచేసింది. ట్యాంకర్లలోని చమురును కూడా సముద్రంలోకి వదిలారు. ఎంత పోయిందన్న దానిపై లెక్కలు రకరకాలుగా ఉన్నాయి. నలభై లక్షల బ్యారెళ్లకు తక్కువ కాదని, కోటి దాటి ఉండొచ్చని అంచనాలు. చివరికి అమెరికా విమానాలు టెర్మినల్‌కు చమురు పంపే పైపుల కూడలి మీద బాంబులు వేసి ధార తగ్గించాయి.

తెట్టు గాలి పట్టి దక్షిణానికి సాగింది. కువైట్ సరిహద్దు నుంచి జుబైల్ పక్కన ఉన్న అబూ అలీ దీవి దాకా సౌదీ తీరం వందల కిలోమీటర్ల మేర నల్లబడింది. ఆ దీవి అడ్డంగా ఉండబట్టి నూనె చాలావరకు అక్కడే ఆగిపోయింది గానీ, లేకపోతే ఇంకా కిందికి వచ్చేది. జుబైల్ డీశాలినేషన్ ప్లాంటు మూతి చుట్టూ తేలే అడ్డుకట్టలు, అంటే బూమ్‌లు, వరసలు వరసలుగా వేసి కాపాడుకున్నారు. నూనెను తోడి తోడి పది లక్షల బ్యారెళ్లకు పైనే వెనక్కి రాబట్టారు.

అయితే ఒడ్డు సంగతి అంత తేలిగ్గా తేలలేదు. పదేళ్లు దాటాక, 2002-03లో సర్వే చేసినప్పుడు కూడా ఉప్పుచిత్తడి నేలల్లో నూనె అలాగే ఉందని తేలింది. కారణం పీతలు! పీతలు తవ్విన బొరియల్లోంచి నూనె మట్టి లోతుకి దిగిపోయింది. పైన ఎండకు గట్టిపడి తారు చెక్కలా తయారైంది. కింద గాలి తగలక కుళ్లకుండా ఉండిపోయింది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఇప్పించిన డబ్బుతో సౌదీ ఆ తీరాన్ని బాగుచేసే పని పెట్టుకోవాల్సి వచ్చింది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటంటే.. నూనె నీటి మీద ఉన్నప్పుడు పట్టుకోవడమే మేలు. ఒడ్డెక్కిందంటే పని పదింతలు.

తెట్టు ఎలా నడుస్తుంది?

ఒలికిన నూనె ఉన్నచోట ఉండదు. నీటి ప్రవాహంతో పాటు అంతే వేగంగా పోతుంది. దానికి తోడు గాలి వేగంలో సుమారు నూటికి 3 వంతులు కలుస్తుంది. ఇది ఈ పని చేసేవాళ్లు వాడే మోటు లెక్క. ఉదాహరణకు ఉత్తరం నుంచి 'షమాల్' గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. ఒక్క గాలి వల్లే తెట్టు గంటకు 1.2 కిలోమీటర్లు, రోజుకి దాదాపు 29 కిలోమీటర్లు జరుగుతుంది. పొద్దున ఎక్కడో కనిపించిన తెట్టు రేపటికి మన జెట్టీ ముందు ఉండొచ్చు.

దారిలో దాని రూపం కూడా మారుతుంది. తేలిక భాగాలు మొదటి గంటల్లో, రోజుల్లో ఆవిరైపోతాయి. ఘాటైన వాసన, తలనొప్పి అప్పుడే ఎక్కువ. మిగిలింది నీటితో చిలికి చిక్కటి గోధుమరంగు ముద్ద అవుతుంది. మజ్జిగ చిలికితే వెన్న పడినట్టు అనుకోండి, కాకపోతే ఈ వెన్నలో సగానికి పైగా నీళ్లే. అలా మారాక దాని పరిమాణం మొదటికంటే మూడు నాలుగు రెట్లు అవుతుంది. పంపులు దాన్ని లాగలేవు. ఇంకా కొన్నాళ్లకు అదే తారు ఉండలుగా ఒడ్డుకు కొట్టుకొస్తుంది.

పైగా మన గల్ఫ్ లోతు తక్కువ సముద్రం. సగటు లోతు సుమారు 35 మీటర్లే. బయటి సముద్రంతో కలిసేది ఒక్క హోర్ముజ్ జలసంధి దగ్గర. లోపలి నీళ్లు మారడానికి ఏళ్లు పడుతుంది. చెరువులో పడిన చెత్త చెరువులోనే తిరిగినట్టు!

సిద్ధంగా ఉండటం అంటే..

మన సైట్లో కాంక్రీటు పోసే రోజు ఉదయం సిమెంటు కోసం వెతకం కదా. సముద్రంలో చమురు ప్రమాదమూ అంతే. ఒలికిన తర్వాత ఎవరు ఏం చేయాలో కూర్చుని ఆలోచిస్తే తెట్టు ఆగదు. అందుకే ప్రపంచంలో అన్నిచోట్లా మూడంచెల పద్ధతి పెట్టుకున్నారు. చిన్న ఒలుకు అయితే రేవు, టెర్మినల్ లేదా కంపెనీ తన సొంత సామానుతో చూసుకోవాలి. అది చాలకపోతే ఆ ప్రాంతంలోని మిగతా సంస్థలు, ప్రభుత్వం చేయి కలపాలి. ఇంకా పెద్దదైతే పక్క దేశాలు, అంతర్జాతీయ సాయం రావాలి.

గల్ఫ్ దేశాలు ఈ మాట చాలా ముందే అనుకున్నాయి. 1978 ఏప్రిల్‌లో కువైట్‌లో ఎనిమిది దేశాలు, అంటే బహ్రెయిన్, ఇరాన్, ఇరాక్, కువైట్, ఒమన్, ఖతర్, సౌదీ, ఎమిరేట్స్ కలిసి సముద్ర పర్యావరణాన్ని కాపాడుకుందామని ఒప్పందం చేసుకున్నాయి. సముద్ర అత్యవసరాల్లో ఒకరికొకరు సాయం చేసుకునేందుకు 1982లో బహ్రెయిన్‌లో 'మెమాక్' అనే కేంద్రం పెట్టారు. ప్రపంచ స్థాయిలో చూస్తే, 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ ప్రమాదం జరిగాక 1990లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. చేరిన ప్రతి దేశమూ చమురు ప్రమాదాలకు ప్రణాళిక, సామాను, శిక్షణ సిద్ధంగా ఉంచుకోవాలని దాని సారాంశం. అది 1995 నుంచి అమల్లో ఉంది.

సామానులో ముఖ్యమైనది బూమ్. పైన తేలే భాగం, కింద నీటిలోకి వేలాడే పరదా, అడుగున బరువుగా గొలుసు. ఇదేమీ మంత్రం కాదు. ప్రవాహం బూమ్‌కు ఎదురుగా సెకనుకు సుమారు 35 సెంటీమీటర్ల వేగం దాటిందంటే నూనె పరదా కిందినుంచి జారిపోతుంది. అప్పుడు బూమ్‌ను అడ్డంగా కాకుండా ఏటవాలుగా వేసి, నూనెను నీళ్లు నిలకడగా ఉన్న మూలకు మళ్లిస్తారు. పొలం కాలువకు అడ్డం వేసి నీళ్లు మడిలోకి మళ్లించినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అలా చేరిన నూనెను స్కిమ్మర్ యంత్రాలతో పైపైన లాగుతారు.

నూనెను చుక్కలుగా విడగొట్టే డిస్పర్సెంట్ మందులు కూడా ఉన్నాయి. లోతైన సముద్రంలో అనుమతితో చల్లుతారు. లోతు తక్కువ చోట, ప్లాంటు మూతుల దగ్గర చల్లితే నూనె కిందికి కలిసి అసలుకే మోసం వస్తుంది. 'ఏదో మందు కొట్టండి, కనిపించకుండా పోతుంది' అనే మాట ఎవరైనా అంటే నమ్మకూడదన్నది అందుకే.

నీళ్లు నిల్వ పెట్టుకోవడమూ సిద్ధపడటంలో భాగమే. ఖతర్‌లో ఏడు రోజుల అవసరాలకు సరిపడా నీళ్లు నిల్వ ఉంచేందుకు భారీ కాంక్రీటు రిజర్వాయర్లు కట్టి 2018 డిసెంబరులో ప్రారంభించారు. అదే ఏడాది జనవరిలో అబుదాబి లివా ఎడారిలో ఇసుక కింద 2 కోట్ల 60 లక్షల ఘనపు మీటర్ల నీటి నిల్వను ప్రారంభించింది. అత్యవసరం వస్తే పది లక్షల మందికి 90 రోజులు ఇవ్వొచ్చని లెక్క.

ట్యాంకర్లే కాదు.. మన యంత్రాలూ!

చమురు ప్రమాదం అంటే ట్యాంకర్ గుద్దుకోవడమే అనుకుంటాం. అలాంటివీ జరిగాయి. 1994 మార్చిలో ఫుజైరా తీరానికి దగ్గర్లో సెకీ అనే ట్యాంకర్‌ను మరో ఓడ ఢీకొంటే సుమారు 16,000 టన్నుల ముడి చమురు పోయింది. కానీ మన పనికి సంబంధించిన రెండు సంగతులు వినండి.

2007 డిసెంబరు 7న దక్షిణ కొరియాలో హెబీ స్పిరిట్ అనే ట్యాంకర్ లంగరు వేసుకుని నిలబడి ఉంది. ఇంచియాన్ వంతెన కట్టే పని ముగించుకుని వెళ్తున్న క్రేన్ బార్జి తాడు తెగి, కొట్టుకొచ్చి దాన్ని గుద్దింది. సుమారు 10,900 టన్నుల చమురు తేఆన్ తీరాన్ని ముంచింది. 2024 జూన్ 14న సింగపూర్‌లో ఒక డ్రెడ్జర్ అదుపు తప్పి, నిలిపి ఉన్న ఇంధన ఓడను ఢీకొంది. సుమారు 400 టన్నుల నూనె ఒలికి సెంటోసా బీచ్‌ల దాకా చేరింది.

క్రేన్ బార్జి, డ్రెడ్జర్.. ఇవి ఎవరివి? కట్టుబడి పనివాళ్లవి, మనవి! కాబట్టి సముద్రం పక్కన సైట్ ఉన్నచోట సూపర్‌వైజర్ దగ్గర్నుంచి హెల్పర్ దాకా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గాలి హెచ్చరిక వచ్చినప్పుడు బార్జి తాళ్లు, లంగర్లు ఒకటికి రెండుసార్లు చూడాలి. డీజిల్ ట్యాంకు చుట్టూ కట్టే బండ్ ఆ ట్యాంకు మొత్తం ఒలికినా పట్టేలా, ఇంకా పదోవంతు ఎక్కువ ఉండాలి. బండ్‌కు ఉండే డ్రెయిన్ వాల్వు మూసి ఉండాలి. వాననీళ్లు పోలేదని తెరిచి వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. డీజిల్ పడుతున్నంతసేపూ గొట్టం దగ్గర మనిషి నిలబడాలి. స్పిల్ కిట్ పెట్టె స్టోర్ రూములో తాళం వేసి ఉంటే లేనట్టే లెక్క. అది జెట్టీ మీదే ఉండాలి, అందులో ఏముందో అందరికీ తెలియాలి.

సముద్రంలో తెట్టు కనబడితే ముందు సేఫ్టీ ఆఫీసర్‌కు, రేవు కంట్రోల్‌కు చెప్పాలి. ఎమిరేట్స్‌లో కోస్ట్ గార్డ్ నంబరు 996. చెప్పేటప్పుడు ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ రంగు, ఎంత మేర, ఎటు వైపు కదులుతోంది అన్నవి చెబితే వాళ్లకు ఎంతో ఉపయోగం. 'మన మీదకే వస్తుందేమో' అని నోరు మూసుకుంటే నష్టం గంటగంటకూ పెరుగుతుంది.

ఒడ్డు మీద పని: ఎవరికీ పట్టని భాగం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నడిసముద్రంలో పని చేసేవాళ్లకు ఓడలు, రాడార్లు, శిక్షణ ఉంటాయి. ఒడ్డున ఇసుకలోంచి, రాళ్ల సందుల్లోంచి నూనె తీయడానికి ఈ రోజుకీ మనిషి చెయ్యి, పార, బకెట్టే ముఖ్యం. పెద్ద యంత్రాలు దింపితే నూనెను ఇసుకలోకి ఇంకా లోతుకు తొక్కుతాయి. అందుకని మనుషులు కావాలి, చాలామంది కావాలి, అదీ వెంటనే కావాలి. అలా వెంటనే దొరికేది ఎవరు? లేబర్ క్యాంపులో ఉన్నవాళ్లు.

మాకు తెలిసిన ఒక సంగతి. తూర్పు తీరంలో ఒకచోట తారు ఉండలు, జిగట నూనె ఒడ్డుకొచ్చాయి. ఒక సబ్ కాంట్రాక్టు కంపెనీ రాత్రికి రాత్రి మా క్యాంపు నుంచి పన్నెండు మందిని తీసుకెళ్లింది. 'బీచ్ క్లీనింగే, తేలిక పని' అన్నారు. ఇచ్చినవి నూలు గ్లౌజులు. గంటలో అవి నూనె పీల్చి చేతికి అతుక్కుపోయాయి. బూట్లు సైట్లో వాడేవే. సాయంత్రం చేతులు కడుక్కోవడానికి పెయింట్ థిన్నర్ డబ్బా పెట్టారు! రెండు రోజులకే నలుగురికి చేతులు, ముంజేతులు ఎర్రగా పొక్కాయి. నిజామాబాద్ తమ్ముడు ఒకడు 'అన్నా, తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది' అంటే ఎండదెబ్బ అని ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి పంపారు. ఎండో, ఆవిరో ఎవరూ చూడలేదు. ఆ పని చేసినట్టు ఎక్కడా కాగితం లేదు. రేపు వాళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే చూపించుకోవడానికి ఏమీ లేదు.

ఇది మా ఒక్క క్యాంపు భయం కాదు. 2002లో స్పెయిన్ తీరంలో ప్రెస్టీజ్ ట్యాంకర్ మునిగినప్పుడు నూనె ఎత్తిన జాలరుల్లో దగ్గు, ఆయాసం లాంటి ఇబ్బందులు ఏడాది దాటాక కూడా కనబడ్డాయని పరిశోధకులు రాశారు. 2010లో అమెరికాలో డీప్‌వాటర్ హొరైజన్ బావి పేలిన తర్వాత శుభ్రం చేసిన పనుల్లో ఉన్నవాళ్లను, దాదాపు 33,000 మందిని తీసుకుని అక్కడి ప్రభుత్వ సంస్థ ఏళ్ల తరబడి గమనించింది. చమురు ఆవిర్లు పీల్చినవాళ్లలో ఉబ్బసం లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అక్కడ లెక్క పెట్టారు కాబట్టి తెలిసింది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారిపోయే మనలాంటివాళ్ల లెక్క ఎవరి దగ్గరుంటుంది?

తాజా ముడి చమురులో బెంజీన్ ఉంటుంది. అది ఎక్కువకాలం ఒంట్లోకి వెళితే రక్త కేన్సర్ తెచ్చే రకం. కొన్ని రకాల చమురులో హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 'వాసన పోయింది, ఇక పర్లేదు' అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మనుషులను దింపే ముందు మీటరుతో గాలి చూడాలి. పాతబడిన తారు ఉండల్లో ఈ ప్రమాదం తక్కువ, కానీ చర్మానికి హాని మాత్రం ఉంటుంది.

దీనికి తోడు ఎండ. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. కానీ ఆపడానికి వీల్లేని కొన్ని అత్యవసర పనులకు మినహాయింపు కూడా ఉంది. నూనె ఒడ్డుకు రావడం అత్యవసరం అనొచ్చు. అలాంటప్పుడు నీడ, చల్లటి నీళ్లు, మధ్యమధ్య విరామం మామూలు రోజుకంటే ఎక్కువ ఉండాలి తప్ప తగ్గకూడదు. ప్లాస్టిక్ సూటు వేసుకుని ఎండలో నిలబడితే ఒంట్లో వేడి బయటకు పోదు. సూటు ఇచ్చాం కదా అని ఎనిమిది గంటలు నిలబెట్టడం రక్షణ అనిపించుకోదు.

పనికి పిలిస్తే ఇవి అడగండి

* ఏ రకం నూనె, ఎన్ని రోజుల కిందట ఒలికింది, గాలి పరీక్ష చేశారా?

* నూనె దిగని నైట్రైల్ గ్లౌజులు, మోకాలిదాకా రబ్బరు బూట్లు, ఒళ్లంతా కప్పే సూటు, కళ్లద్దాలు ఉన్నాయా? నూలు గ్లౌజు, తోలు గ్లౌజు ఈ పనికి పనికిరావు. ఆవిర్లకు మామూలు దుమ్ము మాస్కు ఆగదు.

* పనికి దిగేముందు కనీసం ఒక టూల్‌బాక్స్ మీటింగ్, అదీ మనకు అర్థమయ్యే భాషలో పెడతారా? హిందీ రాని తమ్ముడుంటే పక్కవాడు తెలుగులో చెప్పాలి.

* మురికి చోటు, కడుక్కునే చోటు, శుభ్రమైన చోటు వేర్వేరుగా గీత గీసి పెట్టారా? నూనె బట్టలతో భోజనానికి కూర్చోవద్దు. అవే బట్టలతో బస్సెక్కి క్యాంపు మంచం మీద వాలొద్దు.

* ఒంటికంటిన నూనె తీయడానికి పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

* ఇసుక పైపొర పలుచగా తీయాలి. సంచి సగం దాకే నింపండి. నిండా నింపితే ఎత్తేటప్పుడు నడుము పోతుంది, సంచి పగులుతుంది. నూనె ఇసుకను, ప్లాస్టిక్ చెత్తను వేర్వేరుగా పెట్టండి. ఒలికిన నూనె కంటే మనం పోగేసే చెత్త ఎన్నో రెట్లు అవుతుంది. అది ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోకపోతే ఒడ్డునే పడి మళ్లీ కారుతుంది.

* ఒంటరిగా పని వద్దు. ఇద్దరిద్దరుగా ఉండండి. తలనొప్పి, వాంతి, తల తిరగడం, ఛాతీ పట్టేసినట్టు ఉంటే వెంటనే గాలి వచ్చే వైపుకు తప్పుకుని చెప్పండి.

* ఏ తేదీ, ఏ చోట, ఎన్ని గంటలు పని చేశారో మీ సొంత పుస్తకంలో రాసుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంచుకునే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో చూసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్తే 'చమురు ఎత్తే పని చేశాను' అని తప్పకుండా చెప్పండి.

అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం మాకు తెలుసు. ఇల్లు కట్టిన అప్పు, చెల్లి పెళ్లి, ఏజెంటు బాకీ అందరి వెనకా ఉన్నాయి. ఒక్కడే అడిగితే 'ఖల్లివల్లి' అంటారు. పదిమంది కలిసి, మీటింగులో, సేఫ్టీ ఆఫీసర్ ముందు, మర్యాదగా అడిగితే వినక తప్పదు. సూపర్‌వైజర్లుగా ఉన్న మనవాళ్లకు ఒక మాట. కుర్రాళ్ల తరఫున ముందు అడగాల్సింది మనం. హెల్మెట్ లేకుండా స్కాఫోల్డింగ్ ఎక్కనివ్వనప్పుడు, గ్లౌజులు లేకుండా నూనెలోకి ఎలా దింపుతాం?

మారిషస్ చెరకు ఆకు.. ఎన్నూరు బకెట్టు

సిద్ధం కాకపోతే ఏమవుతుందో రెండుచోట్ల కళ్లారా కనబడింది. రెండూ మనవాళ్లున్న చోట్లే.

2020 జూలై 25న వకాషియో అనే జపాన్ కంపెనీ ఓడ మారిషస్ దీవి దగ్గర పగడపు దిబ్బ ఎక్కేసింది. అందులో దాదాపు 4,000 టన్నుల ఇంధనం ఉంది. పన్నెండు రోజులు అలాగే ఉండి, ఆగస్టు 6న కారడం మొదలైంది. సుమారు 1,000 టన్నులు సముద్రంలో కలిసింది. మిగతాది ఓడ రెండుగా విరిగేలోపు చాలావరకు తోడేయగలిగారు. ఉన్న బూమ్‌లు చాల్లేదు. అప్పుడు జనమే బయలుదేరారు. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, ప్లాస్టిక్ సీసాలు కట్టి, సొంతంగా అడ్డుకట్టలు కుట్టి నీటిలో వేశారు. ఒకప్పుడు కోరంగి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కిన మన తెలుగు కూలీలు వెళ్లింది ఆ దీవి చెరకు తోటల్లోకే. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం అది. జనం చూపించిన తెగువ గొప్పది. కానీ ఆ పన్నెండు రోజుల్లో చేయాల్సిన పని చెరకు ఆకు మీద పడింది, చేతులకు తొడుగు లేనివాళ్ల మీద పడింది.

2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. పోయింది సుమారు 250 టన్నులని అంచనా. 1991తో పోలిస్తే లెక్కలోకే రాదు. అయినా ఒడ్డున రాళ్ల మధ్య చేరిన జిగట నూనెను జాలర్లు, విద్యార్థులు, కోస్ట్ గార్డ్ సిబ్బంది బకెట్లతో ఎత్తి చేతులు మార్చుకోవడం దేశమంతా టీవీల్లో చూసింది. అప్పటికి మన దేశంలో చమురు విపత్తుల ప్రణాళిక రాసుకుని ఇరవై ఏళ్లు దాటింది. దాన్ని 1996లోనే తెచ్చారు, బాధ్యత కోస్ట్ గార్డ్‌ది. కాగితం మీద ప్రణాళిక ఉంది, ఒడ్డున బకెట్ ఉంది. మధ్యలో ఉండాల్సిన శిక్షణ, సామాను ఆ రోజు ఒడ్డుకు చేరలేదు.

మన తీరం సంగతీ ఆలోచించాలి. విశాఖలో రిఫైనరీ, పెద్ద రేవు ఉన్నాయి. కాకినాడ ఎదురుగా సముద్రంలో చమురు, గ్యాస్ బావులున్నాయి. పక్కనే కోరంగి మడ అడవులు. మడ అడవిలో నూనె చేరితే తీయడం ఎంత కష్టమో సౌదీ చిత్తడి నేలలు చూపించాయి. ఊళ్లో వేటకు వెళ్లే అన్నదమ్ములకు తెట్టు కనబడితే కోస్ట్ గార్డ్ నంబరు 1554కు చెప్పమని ఈసారి ఫోన్‌లో ఒక మాట చెప్పండి.

కుళాయి ఆగితే..

చివరిగా క్యాంపు సంగతి. నీటి సరఫరా ఆగిపోతుందన్న వార్త వస్తే ముందు కంగారు పడొద్దు. పుకార్లు ఫోన్లలో తిప్పొద్దు. ప్రభుత్వం, మున్సిపాలిటీ చెప్పిందే వినండి. క్యాంపు బాస్‌ను పైకప్పు ట్యాంకు ఎంత పడుతుంది, ఎన్ని రోజులు వస్తుంది అని ముందే అడిగి ఉంచుకోండి. మనిషికి తాగడానికే ఎండాకాలంలో రోజుకి ఐదారు లీటర్లు కావాలి. గదికి రెండు మూడు రోజులకు సరిపడా మూత ఉన్న క్యాన్లు ఉంచుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. కుళాయి నీటిలో కిరోసిన్‌లాంటి వాసన వస్తే తాగొద్దు, వంటకు వాడొద్దు. మరిగిస్తే సరిపోతుందనుకోవద్దు. మరిగించడం క్రిములకు మందు గానీ నూనెకు కాదు.

రేవుల్లో ఏడాదికోసారి చమురు ప్రమాదం మీద మాక్ డ్రిల్స్ జరుగుతుంటాయి. బూమ్‌లు దింపుతారు, పడవలు తిరుగుతాయి, ఫొటోలు తీస్తారు. ఆ డ్రిల్‌లో పార పట్టుకునేవాడికి కూడా చోటుండాలి. ఒడ్డున సైట్ ఉన్న ప్రతి కంపెనీలో కనీసం పదిమంది పనివాళ్లకు ఒక పూట శిక్షణ ఇచ్చి, వాళ్ల సైజు బూట్లు, గ్లౌజులు ఒక పెట్టెలో పెట్టి ఉంచితే చాలు. లక్షల దిర్హాముల బూమ్ కొన్న కంపెనీకి ఆ పెట్టె ఖర్చు లెక్కలోది కాదు. వచ్చే సేఫ్టీ మీటింగులో మా సైట్ తరఫున మేం అడగబోయేది ఇదే. మీ సైట్లో మీరూ అడగండి.